ముందు గది నుంచి లోపలి గదికి ఒక తీగ

ఆ రోజుల్లో కంప్యూటరు తెలిసినవాడంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుకు ఉన్నంత గౌరవం ఉండేది. ఆ గౌరవానికి తగిన చదువు ఉందా లేదా అని ఎవరూ అడిగేవారు కారు, మనమూ చెప్పేవాళ్ళం కాదు. నాగర్‌కర్నూలులో డిగ్రీ ముగించి, ఉద్యోగం తనంతట తానే అడ్రసు కనుక్కుని వస్తుందని తెలకపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చున్న నన్ను చూసి మా నాయన పళ్ళు నూరుతున్న కాలం అది. ఎవరి కీబోర్డు మీద చాయ్ ఒలికినా, ఎవరి తెర నల్లబడినా నాకే కబురు వచ్చేది. నేను వెళ్ళి ముందు ఆపి, మళ్ళీ ఆన్ చేసేవాణ్ణి. సగం రోగాలు దానితోనే కుదిరేవి. మిగిలిన సగానికి "మదర్‌బోర్డు పోయింది" అని గంభీరంగా చెప్పి, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేసేవాణ్ణి. (ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆఫీసులో అదే పని జీతానికి చేస్తున్నాను. చాయ్ మాత్రం అంత బాగుండదు.)

అలాంటి నాకు వనపర్తి నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. మామకు ఇంటి ముందు గదిలోనే ఫోటో స్టూడియో. అక్కడ ఒక కంప్యూటరు, దానికి తగిలించిన ప్రింటరు, వెనక నీలం తెర, ముందు ఒక తిరిగే స్టూలు. హాలు దాటి వెళ్తే వంటింటి పక్కన చిన్న లోపలి గది. అందులో ఇంకో కంప్యూటరు, పాతది. అది అత్తది. గద్వాల దగ్గరి పల్లె నుంచి కోడలుగా వచ్చిన అత్త, మామ భుజం వెనక నిలబడి చూసి చూసి, ఒకరోజు మామ ఊళ్ళో లేనప్పుడు మౌసు పట్టింది. ఇక వదల్లేదు. పెళ్ళి ఆల్బముల్లో ఏ పేజీలో ఏ ఫోటో రావాలో కూర్చే పని మొత్తం ఆమెదే అయిపోయింది. ఆమె చేసిన ఆల్బమంటే చుట్టుపక్కల మండలాల్లో పేరుండేది, ఎందుకంటే పని మొదలుపెట్టే ముందు ఫోటోలో ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి తెలుసుకునేది. బయటి ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు పెళ్ళికూతురి మేనమామ ఎవరో, సన్నాయి ఊదేవాడెవరో ఒకటే. మేనమామను తెచ్చి చివరి పేజీలో ఒక మూలన గోళీకాయంత వేస్తారు. ఆ ఆల్బం తెరిచిన రోజు నుంచి ఆ రెండిళ్ళకు మాటలుండవు. అత్త పేజీలో మేనమామ ఎప్పుడూ పిల్ల పక్కనే, దండల మధ్య నుంచి ముఖం నిండుగా కనబడేటట్టు ఉండేవాడు.

ఇంతకీ చిక్కు ఎక్కడంటే, ఫోటోలు ముందు గది నుంచి లోపలి గదికి పెన్‌డ్రైవులో పోయేవి, పూర్తయిన పేజీలు అదే పెన్‌డ్రైవులో వెనక్కి వచ్చేవి. అది మామ చొక్కా జేబులో కాపురం పెట్టింది. ఒక శుక్రవారం పొద్దున, జేబు చూడకుండా చొక్కా నానబెడితే, ఎవరిదో పెళ్ళి మొత్తం, అప్పగింతల దాకా, సబ్బు నీళ్ళలో మునిగిపోయింది. మామ ఇల్లు పీకి పందిరి వేశాడు. నాకు ఫోన్ వచ్చింది ఆ మధ్యాహ్నమే.

"అల్లుడా, ఈ రెండు కంప్యూటర్లకు నడుమ తీగ గిట్ల ఏస్తె ఫోటోలు వాటంతటవే పోతయంట గదా. నీకు తెలుసా, తెల్వదా?"

"తెలుసు మామా," అన్నాను. (తెలియదు. కానీ పుస్తకంలో బొమ్మ చూశాను.)

"అయితే జల్ది రా. శ్రావణమాసం లగ్గాలు మొదలయ్యేలోపల గిది నడ్వాలె. లేకుంటే నాతోని గాదు, ఆల్బం పని మొత్తం కర్నూలు ల్యాబుకే ఇచ్చేస్త."

ఆ చివరి మాట అన్నప్పుడు వెనక వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోవడం నాకు ఫోన్‌లోనే వినిపించింది. అప్పుడు దాని సంగతి ఆలోచించలేదు. ఆలోచించే తెలివి ఉంటే అరుగు మీద ఎందుకు కూర్చుంటాను?

వనపర్తిలో దిగగానే నేను చేసిన మొదటి ఘనకార్యం, అత్త పాత కంప్యూటరులో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించడం. ఊరూరి నుంచి వచ్చే పెన్‌డ్రైవుల వెంట వైరసులు కూడా పెళ్ళికి వచ్చినట్టు వచ్చేవి, పైగా లినక్స్ ఉచితం, అన్నిటికంటే ముఖ్యంగా అది నాకు తప్ప వనపర్తిలో ఇంకెవరికీ రాదని నా నమ్మకం. పాపం, అత్త కొత్త తెర చూసి గాభరా పడలేదు. రెండు మూడు రోజులు కుస్తీ పట్టి, బొమ్మలు కత్తిరించడం, అతికించడం అన్నీ మళ్ళీ నేర్చుకుంది. మామది మాత్రం విండోసే, ఆయన స్టూడియో సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప నడవదు. అంటే ముందు గదిలో ఒక జాతి, లోపలి గదిలో ఒక జాతి. తీగ వేసి కలిపినంత మాత్రాన అవి మాట్లాడుకుంటాయా? పొలం గట్టు దగ్గర కొట్లాడుకున్న దాయాదుల్లాగా ఒకే ఇంట్లో ఉండి ఒకదాన్నొకటి చూడనట్టు కూర్చున్నాయి.

నేనూ మొండివాణ్ణే. పొద్దున లేచి ఇంటర్నెట్ సెంటరుకు పోవడం, అక్కడ ఎవరో మహానుభావులు రాసిపెట్టిన ఆదేశాలు అరచేతి మీద పెన్నుతో ఎక్కించుకోవడం, చెమటకు చెరిగిపోకముందే పరుగున ఇంటికి రావడం, ఇదీ నా దినచర్య. అన్నానికి ముందు కూడా చేతులు కడుక్కోనంటే అమ్మమ్మ నెత్తిన మొట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం లోపలి గదిలో కూర్చుని మామ కంప్యూటరు పేరు కొట్టగానే, ముందు గదిలోని ఫోటోలన్నీ అత్త తెర మీద బిలబిలమంటూ పరుచుకున్నాయి. నేను ఎగిరి గంతేస్తే ఫ్యాను రెక్క తగలబోయింది.

పేరు అన్నాను కదా, అది చెప్పాలి. ప్రతి కంప్యూటరుకు ఒక నంబరు ఉంటుంది, కానీ మామ ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ నంబరు మారిపోయేది. అందుకని నంబరుతో కాక పేరుతో పిలవాలి. గుర్తుంచుకోవడానికి సులువైన పేర్లు పెట్టమని నేను చదివిన చోట రాసి ఉంది. ఇంట్లో వాళ్ళ పేర్ల కంటే సులువైనవి ఏముంటాయి? మామ కంప్యూటరుకు మామ పేరు, అత్త కంప్యూటరుకు అత్త పేరు పెట్టేశాను. (ఆ పేర్లు ఇక్కడ రాయను. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.) తెర మీద ఒక గుర్తు పెట్టి, దాన్ని నొక్కితే తెరుచుకునేటట్టు చేయవచ్చు. కానీ అది సోమరుల పద్ధతి అని, పేరు కొట్టి తెరవడమే అసలైన విద్య అని అప్పటి నా సిద్ధాంతం.

"చూడు అత్తా, ఇక్కడ మామ పేరు కొట్టాలి, ఎంటర్ నొక్కాలి, అంతే," అని చూపించాను.

అత్త తెర వైపు చూసింది, నా వైపు చూసింది, "అట్లనా అయ్యా," అంది.

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి నా అష్టకష్టాలు. నేను కూర్చుంటే తెరుచుకునేది. అత్త కూర్చుంటే తెరుచుకునేది కాదు. "రాలే అయ్యా," అని నెమ్మదిగా చెప్పేది. నేను పరుగున వచ్చి కొడితే ఠక్కున వచ్చేది. మళ్ళీ నేను అటు పోగానే "రాలే అయ్యా." తీగ మార్చాను. తీగ చివర తెల్లటి బిళ్ళలు కత్తిరించి కొత్తవి బిగించాను. గుమ్మం మీది తోరణం తీగకు ఒత్తుకుంటోందేమోనని మామిడాకులు పీకేసి అమ్మమ్మ చేత తిట్లు తిన్నాను. లినక్స్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాను. "అత్తా, నేను చెప్పినట్టే చేసినవా?" అంటే, "నాకు చేతనైనంత చేసిన," అనేది. ఆ మాటలోని తేడా ఇప్పుడైతే చెవికి తగులుతుంది. అప్పుడు నా చెవుల నిండా ప్రోటోకాళ్ళే. ముందు గదిలో మామ రోజురోజుకూ పరేషాన్ అవుతున్నాడు. ఆషాఢం ముగింపుకు వస్తోంది. కర్నూలు ల్యాబు వాళ్ళు ధరల కాగితం కూడా పంపించారు, దాన్ని నాకు కనబడేటట్టు ప్రింటరు మీదే పెట్టాడు.

ఒకనాడు ఇంటర్నెట్ సెంటరుకు పోతే కరెంటు లేదని షట్టర్ సగం దించి ఉంది. వెంటనే వెనక్కి తిరిగి వచ్చాను. మామ వాళ్ళ వీధిలో కరెంటు ఉంది. లోపలి గదిలో అత్త కంప్యూటరు ముందు కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం వెతికి కొడుతోంది. నేను వచ్చిన అలికిడి వినలేదు. వెనక నుంచి చూశాను. మామ పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో "పింకీ వాళ్ళ నాయన" అని ఉంది.

పింకీ అంటే వాళ్ళ కూతురు, అప్పుడు బడికి పోయింది.

"అత్తా! గదేంది?"

అత్త ఉలిక్కిపడి అరచేత్తో తెర కప్పబోయింది. అంత తెరను అరచెయ్యి ఏం కప్పుతుంది?

"పింకీ వాళ్ళ నాయన అంటే దానికేం తెలుస్తది అత్తా! మామ పేరు కొట్టమన్న కదా!"

"నీకేం, చెప్తవు నువ్వు," అంది అత్త, ముఖం ఎర్రబడిపోయి. "మొగని పేరు ఎవరన్న పలుకుతరా? పెండ్లినాడు గడప కాడ ఆడపడుచులు అడ్డం నిలవడి చెప్పమంటె చెప్పిన, అంతే. మల్ల నా నోట రాలే. చేతికి గూడ రాకపాయె. ముందుగాల 'ఆయన' అని కొట్టిన, రాలే. 'మీ మామ' అని కొట్టిన, రాలే. నేను 'ఆయన' అంటె ఎవరో గీ వాడకట్టుల పసిపోరగానికి గూడ తెలుస్తది. దీనికెందుకు తెల్వదు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెమటలు కక్కుతూ నేను మార్చిన తీగలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "మరి నాకొక మాట చెప్పొద్దా అత్తా?"

"ఏమని చెప్పాలె? సదువుకున్నోనివి, నవ్వుతవ్. మీ మామకు చెప్తె ఇంత పేరు కొట్టరాదు గని ఆల్బం చేస్తదంట అంటడు." కుర్చీలోనే నా వైపు తిరిగింది. "అల్లుడా, గీ పని కర్నూలుకు పోతె నాకేం మిగుల్తది చెప్పు? మల్ల పొయ్యి కాడనే. ఎవల పెండ్లి ఫోటోలన్న ముంగట ఏసుకుంటె నాకు ఆకలి గూడ యాదికుండది. నాకు గీ పని గావాలె."

"అత్తా, పేరు మార్చడం రెండు నిమిషాల పని, ఇప్పుడే మార్చేస్త," అని ముందు గదికి పరుగెత్తాను. అక్కడ మామ కెమెరా కార్డుల నుంచి, ఆషాఢానికి ముందు తీసిన ఇంకో పెళ్ళి ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు, అది సాయంత్రం దాకా నడిచే పని. పేరు మార్చాలంటే కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేయాలి, ఇప్పుడు ఆపితే సగం ఫోటోలు గల్లంతు. పైగా మామ ఎదురుగా వీపనగండ్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ. ఆయన బిడ్డ పెళ్ళి ఫోటోలు వచ్చి చాలా రోజులైంది. ఆ సాయంత్రం బస్సుకు వియ్యంకుల ఊరికి పోతున్నాడట, ఒక్క పేజీ అయినా చేతిలో లేకుండా పోతే పరువు పోతుందట.

నన్ను చూడగానే మామ చెయ్యి ఊపాడు. "అల్లుడా, ఇగ నీ తీగలు చుట్టపెట్టు. నువ్వు కూసుంటె నడుస్తది, మీ అత్త కూసుంటె నడ్వదు. నువ్వు రేపో ఎల్లుండో మీ ఊరికి పోతవు. గప్పుడు నాకెవరు దిక్కు? వీళ్ళ ఫోటోలు కర్నూలుకే పంపుత." అంటూ ఫోన్ తీశాడు.

"మామా, జర ఆగు! ఒక్క గంట!" అని అరిచి మళ్ళీ లోపలికి పరుగు తీశాను.

"అత్తా, లే, నేను కొడ్త!"

అత్త లేవలేదు. ముందు గదిలోని మాటలు ఆమెకూ వినిపించాయి. "నువ్వు కొడితె ఏమొస్తది? నువ్వు పోయినంక మల్ల గదే కథ. నేనే కొట్టాలె," అంది. అని, హాల్లో చేట ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మమ్మ అంటే మామ తల్లి, అత్తకు అత్త. ఆ ఇంట్లో సుప్రీంకోర్టు ఆమే.

"అత్తా, గాయన పేరు రాస్తె తప్పయితదా?"

అమ్మమ్మ గింజ తీయడం ఆపి ఆలోచించింది. నాకు చెమటలు పడుతున్నాయి. కోర్టు తొందరపడలేదు. "నోటితోని అంటె తప్పు," అంది చివరికి. "రాస్తె ఏం తప్పు? నాకు రాయొస్తె నేను గూడ రాస్తుంటి. రేషన్ కార్డోడు వచ్చినప్పుడల్లా నా మొగని పేరు చెప్పనీకి పక్కింటామెను పిలుస్తుంటి. ఆమె ఊర్ల లేని దినం వాడు ఉత్తగనే పాయె. కార్డు పోయింది గని పేరు చెప్పలే నేను." మళ్ళీ గింజ తీస్తూ, "అయినా అది ఇంగ్లీషే కదనే? కొట్టు, కొట్టు. దేవునికి ఇంగ్లీషు రాదు," అని తీర్పు ఇచ్చేసింది.

అత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. కొంగు నిండుగా కప్పుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు ఆపి, ఊపిరి బిగబట్టి, మామ పేరు పూర్తిగా కొట్టింది. నల్లపూసలు కళ్ళకు అద్దుకుని ఎంటర్ నొక్కింది. ఫోటోలు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. అత్త ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, "వచ్చె!" అంది. తర్వాత ఆమె చేతులకు అడ్డు లేకుండా పోయింది. నన్ను ముందు గదికి పంపి, ఆ పెద్దమనిషిని ఎరుపు చొక్కా ఆయన ఎవరని, పట్టు పంచె ఆయన ఎవరని అడిగి రమ్మంది. బస్సు టైముకు ముందే పేజీ తయారు.

"అయిపోయింది మామా, అత్త కంప్యూటరులో ఉంది, ఇక్కడి నుంచే తెరిచి ప్రింటు తీసుకో," అన్నాను, ఛాతీ విరుచుకుని. అంతవరకు రెండు వైపులా నేనే పరీక్షించాను తప్ప మామ ఎప్పుడూ తెరిచి చూడలేదు. మామ అనుమానంగా కూర్చుని, చూపించిన చోట గబగబా కొట్టి ఎంటర్ నొక్కాడు. రాలేదు.

"చూస్తివా! మల్ల రాలే! నేను ముందే చెప్పలే?"

నేను వంగి చూశాను. అక్కడ "పింకీ" అని ఉంది.

చెప్పొద్దూ, మామ జన్మలో అత్తను పేరు పెట్టి పిలవలేదు. నీళ్ళు కావాలన్నా, దువ్వెన కనబడకపోయినా "పింకీ!" అని కేకేసేవాడు, అత్త వచ్చేది. నిజంగా పింకీ కావలసి వస్తే "చిన్నపింకీ" అనేవాడు.

"మామా, పింకీ కాదు. అత్త పేరు కొట్టాలి."

మామ చెవులు ఎర్రబడ్డాయి. వీపనగండ్ల పెద్దమనిషి వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించి, "గది... వేరే ఏదన్న పెట్టరాదా?" అన్నాడు. అంత పెద్ద మీసాలున్న మనిషి బడిలో పద్యం మరిచిపోయిన పిల్లవాడిలాగా నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

హాలు గుమ్మం వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "అల్లుడా! నేను కొట్టిన్నని చెప్పు. గాయనను గూడ కొట్టమను."

"కొట్టు సేటూ," అన్నాడు పెద్దమనిషి. "నాకు బస్సు పోతది."

మామ చూపుడువేలు చాపాడు. ఒక్కో అక్షరానికీ ఒకసారి గుమ్మం వైపు చూస్తూ, అత్త పేరు కొట్టాడు. పేజీ తెరుచుకుంది, ప్రింటరు గరగరమంది. పెద్దమనిషి ఆ కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "మా బామ్మర్ది మంచిగ పడ్డడు. పిల్ల పక్కనే ఉన్నడు. ఇగ మా ఇంటామె నన్ను బతకనిస్తది," అని, "ఆల్బం ఈడ్నే చేపియ్యి సేటూ. లోపలి అమ్మతోనే," అన్నాడు. మామ కర్నూలు కాగితం తీసి మడిచి, దాని మీద ప్రింటరు ఇంకు డబ్బా పెట్టాడు. ఆ శ్రావణమంతా పెళ్ళిళ్ళన్నీ లోపలి గదిలోనే జరిగాయి.

నేను ఊరికి బయలుదేరే రోజు పొద్దున, వృత్తి ధర్మం గుర్తొచ్చి అత్త దగ్గరికి పోయాను. "అత్తా, ఇప్పుడు మామ కంప్యూటరు ఖాళీగా ఉంది. రెండింటి పేర్లూ మార్చేస్త. ఒకదానికి ముందుగది, ఒకదానికి లోపలిగది. ఎవరికీ సిగ్గుండదు."

అత్త చాయ్ వడకడుతోంది. ముందు గదిలో నుంచి కీబోర్డు మీద ఒంటివేలి చప్పుడు నెమ్మదిగా వస్తోంది. ఆ చప్పుడు అయిపోయేదాకా ఆగింది.

"వద్దయ్యా," అంది. "ఉండనియ్యి. పెండ్లయిన కాడికెళ్ళి ఒక్కసారన్న నా పేరు పిలువని మనిషి, ఇప్పుడు దినాం కూసొని రాస్తుండు."

ఎంత మంచి మాట! దానికి నేనేమన్నానో తెలుసా? "అది కాదత్తా, రెండు నిమిషాల పనే," అన్నాను. అత్త నా ముఖంలోకి చూసి, నవ్వి, చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. నేను దాన్ని ఊదుకుంటూ తాగి, నేను చెప్పింది ఆమెకు అర్థం కాలేదు కాబోలని జాలిపడుతూ బస్టాండుకు నడిచాను.